దీన్ దయాళ్ ఫొటోలో పులి కదలదు

రాజా దీన్ దయాళ్ అంటే నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అని చాలామందికి తెలుసు. ఆయన మనలాగే ఇంజనీరింగ్ స్టూడెంట్ అని తక్కువమందికి తెలుసు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. ఇప్పుడు ఐఐటీ రూర్కీ అంటున్నామే, అప్పట్లో దాని పేరు థామసన్ కాలేజ్. అక్కడ సివిల్ చదివి 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో హెడ్ ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగంలో చేరారు. కెమెరా పట్టుకున్నది 1874లో, ముప్పై ఏళ్లకి. కోర్ జాబ్ చేసుకుంటూ సైడ్‌లో హాబీ పెట్టుకున్న టైపు అన్నమాట. ఆ హాబీయే తర్వాత ఉద్యోగాన్ని మింగేసింది.

మన ఫొటోగ్రఫీ గ్రూప్‌లో రోజూ ఒకటే గొడవ: ఏ లెన్స్‌లో ఏ మోటార్ ఉంది, ఏది ఫాస్ట్, ఏది సౌండ్ చేస్తుంది. అసలు ఆ మోటార్లు ఏ పని చేస్తున్నాయో అర్థం కావాలంటే, మోటారే లేని మనిషిని చూడాలని నాకనిపిస్తుంది. అందుకే దీన్ దయాళ్.

ఆయన ఫోకస్ చేసే పద్ధతి ఇది. మూడు కాళ్ల స్టాండ్ మీద పెద్ద పెట్టె. ముందు లెన్స్, వెనక గరుకు గాజు పలక, మధ్యలో హార్మోనియం తిత్తిలా మడతలు. నల్ల గుడ్డ తల మీద కప్పుకుని చూస్తే గాజు మీద బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. పక్కనున్న మర తిప్పుతూ లెన్స్‌ని ముందుకీ వెనక్కీ జరపాలి. బొమ్మ స్పష్టంగా వచ్చాక ఆ గాజు స్థానంలో మందు పూసిన ప్లేటు పెట్టాలి. అక్కడే ఉంది చిక్కు. ప్లేటు పెట్టాక ఇంక కెమెరాలోంచి ఏమీ కనపడదు. ఎదుటివాడు ఒక అడుగు ముందుకేస్తే ఫోకస్ పోయినట్టే, ప్లేటు దండగ. కాబట్టి ఆయన సగం పని లెన్స్‌తో, మిగతా సగం మనుషుల్ని కదలకుండా నిలబెట్టడంతో. ఎదురుగా ఉన్నది నిజాం, వైస్రాయ్ అయినప్పుడు ఆ రెండో సగం ఎంత కష్టమో ఊహించుకోండి.

1985లో మినోల్టా 7000, మరుసటి ఏడాది నికాన్ ఎఫ్-501 చేసింది ఒక రకంగా ఇదే పని. మర తిప్పే చేతి బదులు కెమెరా బాడీలో మోటార్ పెట్టి, చిన్న స్క్రూతో లెన్స్‌ని తిప్పించారు. బలంగానే తిప్పుతుంది, గర్ర్‌మని మోత కూడా చేస్తుంది. 2006లో డీ40 నుంచి నికాన్ చౌక బాడీల్లో ఆ మోటార్ తీసేసింది. సెకండ్‌హ్యాండ్‌లో పాత 50ఎంఎం డీ లెన్స్ కొనేవాళ్లు ముందు మీ బాడీ చూసుకోండి. మోటార్ లేకపోతే మీరూ దీన్ దయాళ్‌లా చేత్తో తిప్పుకోవాల్సిందే!

1880లలో ఆయన హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో చేరారు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం విడిగా జెనానా స్టూడియో తెరిచి, ఒక ఇంగ్లీషు మహిళకి అప్పగించారు. నాకు ఆయన తీసిన ప్యాలెస్ ఫొటోలన్నిటికంటే ఈ ఆలోచనే పెద్దదనిపిస్తుంది. నిజాం ఆయనకి రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు.

ఇక పులి సంగతి. మా బూర్గంపాడు అప్పట్లో నిజాం రాజ్యంలోదే. గోదావరి దాటితే భద్రాచలం బ్రిటిష్ వాళ్లది. కొత్తగూడెంలో సికింద్రాబాద్ రైలెక్కితే డోర్నకల్, మహబూబాబాద్ దాటాక నెక్కొండ వస్తుంది. 1902లో వైస్రాయ్ కర్జన్ అక్కడికి వేటకొచ్చాడు. దీన్ దయాళ్ స్టూడియో తీసిన ఫొటోలో కర్జన్, ఆయన భార్య నిలబడి ఉంటారు, ముందు చచ్చిన పులి. ఫొటో చాలా షార్ప్‌గా ఉంటుంది. ఉండక ఏం చేస్తుంది, పులి కదలదు కదా. బతికున్న పులి మీదికి దూకుతుంటే ఆ పెట్టెతో ఫోకస్ చేయడం ఎవరి వల్లా కాదు. ఆయన ఆల్బమ్‌లో లోకమంతా నిలబడే ఉండటానికి ఒక కారణం రాజసం, ఇంకో కారణం ఆ మర.

మా వైపు కోయవాళ్ల కొమ్ము నృత్యం చూశారా? తలకి అడవిదున్న కొమ్ములు కట్టుకుని, డోళ్లు వాయిస్తూ, దున్నల్లా ఎదురెదురుగా వచ్చి ఢీకొంటారు. అక్కడ ఎవర్నీ నిలబడమనలేం, అనకూడదు కూడా. చౌక కిట్ లెన్స్‌లోని చిన్న డీసీ మోటార్‌కి పళ్ల చక్రాలుంటాయి. చీకటి పడే వేళ అది ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉండగానే డాన్సర్ ఫ్రేమ్ దాటిపోతాడు. 1987లో కెనాన్ 300ఎంఎం లెన్స్‌లో మొదటిసారి పెట్టిన రింగ్ అల్ట్రాసోనిక్ మోటార్‌కి చక్రాల్లేవు. కరెంటుకి కంపించే పింగాణీ ముక్కల మీద అల లేచి రింగ్‌ని నేరుగా తిప్పుతుంది. వేగం, నిశ్శబ్దం రెండూ ఉంటాయి. 2012లో కెనాన్ తెచ్చిన ఎస్‌టీఎం స్టెప్పర్ మోటార్ మెట్టు మెట్టుగా మెత్తగా జరుగుతుంది, వీడియోకి అదే హాయి. లీనియర్ మోటార్ అయితే అసలు తిప్పడమే ఉండదు. అయస్కాంతం, కాయిల్ కలిసి తేలికపాటి గాజుని సూటిగా నెడతాయి. కొమ్ములు మన మీదికే వస్తున్నప్పుడు నా ఓటు దానికే. బడ్జెట్ ఓటు మాత్రం ఎస్‌టీఎంకి.

దీన్ దయాళ్ 1905లో పోయారు. 2006లో ఆయన పేరిట పోస్టల్ స్టాంప్ వచ్చింది. ఆయన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. దొరికితే ఒక ఫొటో పెద్దది చేసి, మనుషుల్ని వదిలేసి, వెనకాల చెట్ల ఆకుల్ని చూడండి. ఆకుల్ని మాత్రం ఎవరూ కదలొద్దని చెప్పలేదు.