సి.ఆర్.రెడ్డి అంటే కాలేజీ పేరేనా?

మా కొల్లేటి వైపు ఊళ్లలో మీవాడు ఏం చదువుతున్నాడని ఎవరైనా అడిగితే, సీఆర్‌రెడ్డిలో బి.ఎ. అని తండ్రి చెబుతాడు. సీఆర్‌రెడ్డి అనేటప్పుడు గొంతు పెద్దదిగానే ఉంటుంది. బి.ఎ. దగ్గరకు వచ్చేసరికి తగ్గుతుంది. ఇంజనీరింగో మెడిసినో కాకపోతే అది చదువే కాదనుకునే రోజులివి. హిస్టరీ, ఎకనామిక్సు, పాలిటిక్సు తీసుకున్నవాణ్ణి, పాపం ఎక్కడా సీటు రాలేదు కాబోలునని జాలిగా చూస్తారు. ఏలూరులో బి.ఎ. ముగించి వాల్తేరులో ఎం.ఎ. ఎకనామిక్సులో చేరిన నేనూ ఆ జాలిని రుచి చూసినవాణ్ణే. అయితే మిత్రులారా, ఏ పేరు చెప్పుకొని మావాళ్లు గర్వపడుతున్నారో ఆ పేరుగల మనిషి చదివింది హిస్టరీ, రాసింది అర్థశాస్త్రం. ఈ సంగతి నలుగురికీ గుర్తుచేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కీర్తిశేషులు కట్టమంచి రామలింగారెడ్డి గారు 1880 డిసెంబరు 10న చిత్తూరు దగ్గరి కట్టమంచిలో జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకునే రోజుల్లోనే ముసలమ్మ మరణము అనే కావ్యం రాశారు. చెరువు కట్ట తెగి ఊరు మునిగిపోకుండా ప్రాణమిచ్చిన ఒక ఇల్లాలి కథ అది. దేవతలూ రాజులూ కాక పల్లెటూరి మనిషి కథానాయిక కావడం ఆనాటికి కొత్త. గండి పడితే ఏమవుతుందో తెలిసిన మా కొల్లేటివాళ్లకు ఆ కథ వేరే చెప్పనక్కరలేదు.

తరువాత ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద 1902లో ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. హిస్టరీలో మొదటి తరగతిలో ఉత్తీర్ణులయ్యారు. అక్కడి విద్యార్థుల వాదసభ అయిన కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. పాలించేవారి గడ్డ మీద, వారి భాషలోనే, వారి పిల్లలతో వాదించి ఓట్లు తెచ్చుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. విద్యార్థి సంఘం ప్రత్యేక సంచికలో ఈ ముక్క చెప్పకుండా ఎలా ఉండగలం?

తిరిగివచ్చి బరోడాలోను, ఆ తరువాత మైసూరులోను పనిచేశారు. మహారాజా కాలేజీలో హిస్టరీ చెప్పి, ప్రిన్సిపాలై, చివరకు ఆ సంస్థానం విద్యాశాఖకు అధిపతి అయ్యారు. పంచముల పిల్లలను అందరితోపాటు ప్రభుత్వ బడుల్లో కూర్చోబెట్టే విషయంలో పెద్ద కులాల నుంచి వ్యతిరేకత వచ్చినా ఆయన గట్టిగా నిలబడ్డారు. బడిలో ఎవరు ఏ బల్ల మీద కూర్చోవాలన్నది కూడా చరిత్రే అని ఆయనకు తెలుసు.

ఈ ఉద్యోగాల మధ్యనే ఆయన తెలుగులో అర్థశాస్త్రం రాశారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలైనవారు 1906లో నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా మండలి దానిని ప్రచురించింది. గిరాకీ, మూలధనం, కౌలు వంటి విషయాలు శాస్త్రంగా చెప్పాలంటే తెలుగులో మాటలు వెతుక్కోవలసిన కాలం అది. కేంబ్రిడ్జి చదువు చదివినవాడు హాయిగా ఇంగ్లీషులో రాసుకుని ఉండవచ్చు. కాని పన్ను కట్టేవాడికీ, అప్పు తెచ్చుకునేవాడికీ ఆ శాస్త్రం అందకపోతే ఎవరికోసం?

1921లో మైసూరు ఉద్యోగం వదిలి మద్రాసు రాజకీయాల్లోకి వచ్చారు. జస్టిస్ పార్టీలో చేరినా అందులో ఇమడలేకపోయారు. 1923లో పానగల్లు రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టినవారిలో ముందు నిలిచారు. తీర్మానం వీగిపోయింది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైనప్పుడు ఆయనే తొలి వైస్‌ఛాన్సలర్. కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగవులన్నీ దాటి అది వాల్తేరు చేరింది. ఇక సుఖంగా కూర్చోవచ్చు అనుకునే సమయానికి, 1930లో, సత్యాగ్రహుల మీద ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆయన రాజీనామా చేశారు. స్వయంగా పాదుకొల్పిన సంస్థను వదులుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. 1936లో మళ్లీ రెడ్డి గారే వచ్చి 1949 దాకా ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించి నడిపించవలసి వచ్చిందీ ఆ కాలంలోనే.

అదే మనిషి 1942లో సర్ బిరుదు పుచ్చుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమం వచ్చిన సంవత్సరమే అది. ఈ రెండింటినీ ఎలా కలుపుకోవాలో నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టదు. పెద్దవాళ్లను పూజించడం కాదు, పరీక్షించడం మన చదువు గనక దీన్ని దాచకుండా రాస్తున్నాను. ఏలూరు కాలేజీ 1945లో ఆ సర్‌తోనే వెలిసింది. ఆజన్మ బ్రహ్మచారి అయిన రెడ్డి గారు 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా కొల్లేరు కోసం. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు, సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించారు. నీటిమట్టం ఎంతో ఇంజనీరు కొలిచి చెబుతాడు. పక్షులెన్నో జంతుశాస్త్రం వాళ్లు లెక్కపెడతారు. మరి పట్టా ఎవరి పేరున ఉంది, లీజు డబ్బు ఎవరి చేతికి వెళ్లింది, తన సొసైటీ చెరువులోనే మత్స్యకారుడు కూలివాడు ఎందుకయ్యాడు, గట్టు తెగిన మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది? ఈ లెక్క తీయవలసింది మనమే. తీసి, లంక గ్రామం రచ్చబండ దగ్గర చదివితే అర్థమయ్యే తెలుగులో రాయవలసిందీ మనమే.

ప్రజల పన్నులతో నడిచే విశ్వవిద్యాలయంలో తక్కువ ఫీజుకు చదువుకుంటున్నాం. ఉద్యోగం అందరికీ కావాలి, నాకూ కావాలి. కాని మన చదువుకు అదొక్కటే ప్రయోజనమైతే కట్టమంచి వారు అర్థశాస్త్రాన్ని తెలుగు చేసే శ్రమ పడనక్కరలేదు. పరీక్షకు రాసిన డిసర్టేషన్ బీరువాలో పడి ఉంటుంది. అందులో ఒక్క అధ్యాయమైనా ఎవరి గురించి రాశామో వారికి చదివి వినిపిద్దాం. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు.