సమాధానపరుని సమాధి దగ్గర

ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో పాత చర్చిలు చూడాలంటే నడకే మేలు. సోన్ నది ఒడ్డున బాప్తిస్మమిచ్చే యోహాను పేరిట ఉన్న కేథడ్రల్ దగ్గర బయలుదేరి, మెట్లదారిలో కొండెక్కితే సెయింట్ ఐరేనియస్ చర్చి వస్తుంది. సెలవులకు వెళ్లిన నేను ఆయాసపడుతూ అక్కడికి చేరాను. సెమినరీలో పరీక్ష కోసం బట్టీపట్టిన ఆ పేరు అక్కడ మనిషిగా ఎదురైంది.

ఐరేనియస్ దాదాపు క్రీ.శ. 130లో, నేటి టర్కీలో ఉన్న ప్రాంతంలో పుట్టాడు. అపొస్తలుడైన యోహాను శిష్యుడిగా పేరొందిన స్ముర్న బిషప్ పొలికార్పు బోధను బాల్యంలోనే విన్నాడు. తర్వాత లియోన్ సంఘంలో పెద్ద అయ్యాడు. క్రీ.శ. 177లో అక్కడ ఘోరమైన హింస చెలరేగింది. 90 ఏళ్లు దాటిన బిషప్ పొతీనస్ దెబ్బలు తిని చెరసాలలో కన్నుమూశాడు. బ్లాండీనా అనే బానిస యువతిని క్రూరమృగాలకు వేశారు. హతసాక్షుల బూడిదను రోన్ నదిలో కలిపారు. నది అవతలి కొండవాలులో ఆ క్రీడాస్థలి శిథిలాలను ఇప్పటికీ చూడొచ్చు. ఆ రోజుల్లో ఐరేనియస్ సంఘం పంపిన లేఖతో రోముకు వెళ్లాడు. తిరిగొచ్చి, గాయపడిన ఆ మందకు కాపరి అయ్యాడు.

సృష్టి అంతా చెడ్డదనీ, రక్షణ కొందరికే తెలిసిన రహస్య జ్ఞానమనీ బోధించిన వారిని ఎదిరిస్తూ ఆయన 5 పుస్తకాలు రాశాడు. సృష్టించిన దేవుడే రక్షించే దేవుడని, క్రీస్తు నిజంగా శరీరధారి అయ్యాడని నిరూపించాడు. సత్యం విషయంలో ఆయన ఒక్క అడుగూ వెనక్కి వేయలేదు.

కానీ దాదాపు 190లో మరో వివాదం వచ్చింది. ఆసియా సంఘాలు పస్కా పండుగను యూదుల నీసాను 14వ తేదీన, అది ఏ వారమైనా సరే, ఆచరించేవి. రోము మాత్రం ఆదివారమే ఆచరించేది. రోము బిషప్ విక్టర్ ఆసియా వారిని వెలివేయబోయాడు. ఐరేనియస్‌దీ ఆదివారం పక్షమే. అయినా వారి పక్షాన విక్టర్‌కు ఉత్తరం రాశాడు. పూర్వం పొలికార్పు రోముకు వచ్చినప్పుడు ఇదే విషయంలో ఏకాభిప్రాయం కుదరకపోయినా, అక్కడి బిషప్‌తో కలిసి ప్రభువు బల్లలో పాలుపొందాడని గుర్తుచేశాడు. గ్రీకులో ఆయన పేరుకు సమాధానపరుడని అర్థం. పేరుకు తగ్గట్టే బతికాడు.

ఆయన సమాధి ఆ చర్చి కింది గదిలో ఉండేది. 1562లో, మతయుద్ధాల కాలంలో, ప్రొటెస్టెంటు సైనికులు దాన్ని ధ్వంసం చేశారు. అంటే మనవాళ్లే! సంఘాన్ని చీలనివ్వని మనిషి ఎముకలను చీలిన సంఘమే చెల్లాచెదురు చేసింది.

అక్కడ కూర్చున్నప్పుడు, ఆరాధన క్రమం విషయంలో నాతో విభేదించి సంఘం వదిలిన ఒక సహోదరుడు గుర్తొచ్చాడు. ఏళ్లుగా అతన్ని పలకరించలేదు. నేను కాపాడింది సత్యాన్నా, నా మాటనా? ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.

ప్రియులారా, సత్యం కోసం నిలబడాల్సిందే. అయితే ప్రతి పట్టుదలా సత్యం కాదు. ఈ ఆదివారం బల్ల దగ్గరికి వచ్చేముందు, మనం ఎవరిని దూరం పెట్టామో ఒకసారి చూసుకుందాం.