కీళ్లవాతం మాత్ర వెనుక ఒక తెలుగువారు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు



ఈ ప్రత్యేక సంచికకు కీళ్ల నొప్పుల గురించి, వాటికి దొరికే వైద్యం గురించి ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు కోరారు. నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగిరీ చేసినవాడిని. కనుక వైద్యం చెప్పే సాహసం చేయను. మనలో చాలామంది ఇళ్లలో వాడుకలో ఉన్న ఒక చిన్న మాత్రకు మూలపురుషుడైన తెలుగువారి జీవితం నాకు తెలిసినంత మేరకు వివరించి, ఆ వెంటనే మన మోకాళ్ల సంగతీ, వేళ్ల సంగతీ నాలుగు మాటలు విన్నవించుకుంటాను.

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంలో వీరు నాలుగవవారు. ఇంట్లో లేమి. రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. పదమూడో ఏట ఇల్లు విడిచి కాశీ వెళ్లి, యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని బయలుదేరితే, తల్లి వెనక్కు రప్పించారని చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. అదీ మద్రాసు హిందూ హైస్కూలు నుంచి. పరీక్ష తప్పిన మనవళ్లను కోప్పడే ముందు మనం ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ ముగించి మెడికల్ కాలేజీలో చేరారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు ఆర్థికంగా ఆదుకున్నారు. తరువాత వారి కుమార్తె శేషగిరి గారినే సుబ్బారావు గారు వివాహమాడారు. అవి గాంధీగారి పిలుపు దేశమంతా వినిపిస్తున్న రోజులు. సుబ్బారావు గారు ఖద్దరు దుస్తులతోనే శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. ఆంగ్లేయ ప్రొఫెసరు గారికి అది రుచించలేదు. మిగతా సబ్జెక్టుల్లో రాణించినా చివరకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే పనిలో కుదిరారు.

ఇంతలో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బు వారి సోదరులను ఇద్దరిని కొద్ది రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కృశించిపోయే జబ్బు అది. దానికి అప్పట్లో సరైన మందు లేదు. ఈ దుఃఖమే వారిని పరిశోధన వైపు మళ్లించిందని పెద్దలంటారు. మామగారి సహాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారి అండ చూసుకుని 1920వ దశకం మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు. మన పట్టాకు అక్కడ విలువ లేదు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగే పని చేశారు. వెనుక ఇక్కడ పుట్టిన కుమారుడు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనేలేదు.

హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పని చేస్తూ, రక్తంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. దానికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పేరు. ఎముకకు కాల్షియంతోపాటు భాస్వరమూ ముఖ్యమే. పిల్లల కాళ్లు వంకరపోయే రికెట్స్ జబ్బులో రక్తంలోని భాస్వరం తగ్గుతుంది. కనుక ఎముకల జబ్బులను అర్థం చేసుకోవడానికి ఈ కొలత అక్కరకు వచ్చింది. రెండేళ్లకు కండరాల్లోని ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థాన్ని, 1929లో జీవకణానికి శక్తినిచ్చే ఏ.టి.పి.ని కనుగొన్నారు. మనం కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేయడానికి కావలసిన సత్తువ ఈ పదార్థాల నుంచే వస్తుంది. 1930లో పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన పదవి మాత్రం రాలేదు. అర్హత ఉండీ ప్రమోషను రాని బాధ మనలో చాలామందికి అనుభవమే.

1940లో లెడర్లే అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరాక వారి దశ తిరిగింది. అక్కడి పరిశోధనకు వారే సారథి అయ్యారు. 1945 నాటికి వారి బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. రక్తం పట్టడానికి కావలసిన విటమిన్ ఇది. సోదరులను బలిగొన్న స్ప్రూకు కూడా ఇదే మందయింది. 1947లో బోదకాలు క్రిములను చంపే హెట్రజాన్ వచ్చింది. దాని రసాయన నామం డైఇథైల్ కార్బమజైన్. డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు వారి సంస్థలోనే తాను కనుగొన్న ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను 1948లో ప్రకటించాడు. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటిది.

మా జాలరిపేట వంటి సముద్రతీరపు పేటల్లో పాతతరం వారికి బోదకాలు కొత్త మాట కాదు. దోమకాటుతో ఒంట్లో చేరిన క్రిమి ఏళ్ల తరబడి ఉండి కాలును స్తంభంలా చేస్తుంది. అలా వాచిపోయిన కాలును మందు మామూలుగా చేయలేదు గాని, ముందుగా వేసుకుంటే క్రిములను చంపి ఆ స్థితి రాకుండా కాపాడుతుంది. ఆరోగ్య సిబ్బంది బోదకాలు మాత్రలు పంచడానికి ఇంటికి వచ్చినప్పుడు లోపల దాక్కునేవాళ్లను నేను చూశాను. ఆ మాత్ర ఒక భీమవరం వారి ప్రయోగశాల నుంచి వచ్చిందని చెబితే కొందరైనా వేసుకుంటారేమో.

ఇక అసలు మాత్ర సంగతి. ఫోలిక్ యాసిడ్ తయారు చేసిన చేతులతోనే, దాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా వారి బృందం తయారు చేసింది. తాళంచెవిలాగే ఉండి తాళం తెరవకుండా బిగుసుకుపోయే చెవి వంటిదన్నమాట. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన పసిపిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టినట్లు 1948లో ప్రకటించారు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. 1951లో గబ్నర్ అనే డాక్టరు కీళ్లవాతం రోగులకు అమినోప్టెరిన్ వాడి గుణం చూశారు. అయినా కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడటానికి అమెరికా ప్రభుత్వ అనుమతి 1988లో గాని రాలేదు. ఈనాడు ప్రపంచమంతటా ఆ జబ్బుకు డాక్టర్లు మొట్టమొదట రాసే మందుల్లో ఇది ముఖ్యమైనది.

సుబ్బారావు గారు ఇదంతా చూడలేదు. 1948 ఆగస్టులో, యాభై మూడో ఏట, నిద్రలోనే కన్నుమూశారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, స్వదేశం తిరిగి రానూ లేదు. శేషగిరి గారి ఎదురుచూపు అలాగే మిగిలిపోయింది. పేరు కోసం పాకులాడని మనిషి కావడంతో స్వదేశంలోనే చాలామందికి వారెవరో తెలియదు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలాశాఖ వారి బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

నేను ఉద్యోగంలో ఉండగా కొన్నేళ్లు మెడికల్ రీయింబర్స్‌మెంట్ సీటు చూశాను. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్లలో మెథోట్రెక్సేట్ పేరు, దాని పక్కనే ఫోలిక్ యాసిడ్ పేరు ఎన్నిసార్లు టిక్కు పెట్టానో లెక్క లేదు. రెండూ ఒకే తెలుగువారి ప్రయోగశాలలో పుట్టినవని రిటైరయ్యాకే చదివి తెలుసుకున్నాను.

2012లో ఆ రెండు పేర్లూ మా ఇంటికే వచ్చాయి. మా ఇంటావిడకు రెండు చేతుల వేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే గంటకు పైగా పిడికిలి ముడుచుకునేది కాదు. పాలగిన్నె దించడానికి కూడా కోడలిని పిలవవలసి వచ్చేది. మొదట వయసు నొప్పులనుకున్నాం. సూదిమందులు వేయిస్తే పది రోజులు హాయిగా ఉండి మళ్లీ మొదటికి వచ్చేది. చివరకు కీళ్లవాతం నిపుణుడు రక్తపరీక్షలు చేయించి మెథోట్రెక్సేట్ రాశారు. చీటీలో వారానికి ఒక్క రోజని స్పష్టంగా ఉంది. మందుల దుకాణంలో కుర్రవాడు మాత్రం అన్ని మందులకూ రాసినట్లే కవరు మీద పొద్దున, రాత్రి అని గీతలు గీసి ఇచ్చాడు. మా కోడలు చీటీ, కవరు పక్కపక్కన పెట్టి చూడబట్టి గండం గడిచింది. మా వీధిలోనే మరో ఇంట ఒక పెద్దావిడ ఆ మాత్రను తొమ్మిది రోజులు వరుసగా వేసుకున్నారు. నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డారు.

అందుచేత సభ్యులందరికీ మనవి. కీళ్లవాతానికి రాసిన మెథోట్రెక్సేట్ వారానికి ఒకే రోజు వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. ఏ వారమో డాక్టరుతోనే నిర్ణయించుకుని, మాత్రల అట్ట మీద ఆ వారం పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాసుకోండి. దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్‌ను డాక్టరు చెప్పిన వేరే రోజుల్లో వేసుకోవాలి. రక్తకణాల, లివరు, మూత్రపిండాల పరీక్షలు చెప్పిన గడువుకు చేయించుకోవాలి. మద్యం పనికిరాదు. నోటిపుండ్లు, జ్వరం, ఆయాసం, పొడిదగ్గు వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే పనిచేయలేదని మానుకోవద్దు. గర్భం దాల్చే వయసులో ఉన్న ఆడపిల్లలకు డాక్టరు సలహా లేకుండా ఈ మందు ఇవ్వకూడదు.

అన్ని కీళ్ల నొప్పులూ కీళ్లవాతం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మా పేటలో చేపల గంప నెత్తిన పెట్టుకుని ఏళ్ల తరబడి వీధులు తిరిగిన ఆడవాళ్ల మోకాళ్ల నొప్పి చాలావరకు అరుగుదల వల్లే. నడిస్తే, మెట్లెక్కితే ఎక్కువవుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దుటి బిగుతు అరగంటలోపే సడలుతుంది. దీనికి మెథోట్రెక్సేట్ మందు కాదు. బరువు తగ్గడం, కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి పది లెక్కపెట్టే దాకా ఉంచే తొడకండరాల వ్యాయామం, నేలమీద గొంతుక్కూర్చోకుండా ఉండటం, నొప్పి లేని వైపు చేత కర్ర పట్టుకోవడం, ఇవీ మొదటి వైద్యం. నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్లు మింగితే కడుపులో పుండ్లు పడి, మూత్రపిండాలు పాడవుతాయి. బి.పి., షుగరు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇవేవీ పనిచేయక, రాత్రి నిద్ర కూడా పట్టని స్థితి వస్తే మోకాలి మార్పిడి ఆపరేషను ఉంది. భయపడి మంచానికి అతుక్కుపోవడం కంటే సర్జను గారితో మాట్లాడి నిర్ణయించుకోవడం మేలు.

మూడవది ఎముకలు గుల్లబారడం. ఇది నొప్పి లేకుండానే వచ్చి, స్నానాల గదిలో జారిపడితే తుంటి విరగడంతో బయటపడుతుంది. అటువంటప్పుడు నాటు కట్టు అంటూ రోజులు గడపకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఎంత త్వరగా ఆపరేషను జరిగి మనిషి లేచి నడిస్తే అంత మంచిది. పడకుండా ఉండటం అన్నిటికంటే మంచిది కనుక స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి చిన్న దీపం, కళ్లకు సరైన అద్దాలు ఏర్పాటు చేసుకోండి.

మన ఊరికి 1923 నుంచి కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది, దానికి అనుబంధంగా ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉంది. అక్కడి ఎముకల విభాగాన్ని డబ్బున్నవారూ లేనివారూ ఆశ్రయిస్తున్నారు. ప్రైవేటుకు వెళ్లేవారు తమ ఆరోగ్య కార్డు ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు చెల్లుతుందో ముందే కనుక్కోవాలి. చేరేటప్పుడు తీసుకున్న ప్రతి కాగితం జిరాక్సు ఉంచుకోవాలి. కాగితం లేక ఆగిపోయిన బిల్లులు నా బల్ల మీద ఎన్నో చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా ఇంటావిడ ఇప్పుడు ముగ్గులు పెడుతోంది. ఆదివారం మాత్ర, డాక్టరు చెప్పిన ప్రకారం మంగళవారం ఫోలిక్ యాసిడ్. క్యాలెండరులో గుర్తు పెట్టే పని నాది. ఏటా జనవరి 12న మన సంఘం కార్యాలయంలో సుబ్బారావు గారి చిత్రపటానికి ఒక పూలదండ వేసి, ఆ రోజున సభ్యులు తమ మందుల చీటీలు, అట్టలు తెచ్చుకుంటే, తెలిసిన డాక్టరు గారి చేత ఒకసారి సరిచూపించే ఏర్పాటు చేయాలని కార్యవర్గాన్ని సవినయంగా కోరుతున్నాను. ఆ లోపల ఎవరింట మెథోట్రెక్సేట్ ఉన్నా, ఈ పేజీ చదవడం ముగించగానే లేచి వెళ్లి అట్ట మీద వారం పేరు ఉందో లేదో చూడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు,
జాలరిపేట, విశాఖపట్నం.