ప్రజాపతిలో క్రీస్తును వెతికిన కృష్ణమోహన్ బెనర్జీ

1831 ఆగస్టులో కలకత్తాలోని ఒక బ్రాహ్మణ గృహంలో కొందరు కుర్రాళ్లు గోమాంసం తిని, మిగిలింది పొరుగింటి ఆవరణలోకి విసిరారు. అది కృష్ణమోహన్ బెనర్జీ ఇల్లు. ఆ సమయంలో ఆయన అక్కడ లేరు. అయినా శిక్ష పడింది ఆయనకే. ఇరుగుపొరుగు ఆగ్రహానికి తలొగ్గి సొంతవాళ్లే బయటికి పంపేశారు. అప్పటికి ఆయనకు 18 ఏళ్లు.

హిందూ కాలేజీలో చదివిన కృష్ణమోహన్‌పై డిరోజియో భావాల ప్రభావం బలంగా ఉండేది. ‘ఎంక్వైరర్’ పత్రికలో హిందూ ఆచారాలను తూర్పారబట్టేవారు. 1832లో స్కాట్లాండ్ మిషనరీ అలెగ్జాండర్ డఫ్ ద్వారా బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత ఆంగ్లికన్ మతగురువయ్యారు. 1852 నుంచి బిషప్స్ కాలేజీలో బోధించారు. సంస్కృతంతో పాటు హెబ్రీ, గ్రీకు భాషలూ నేర్చారు.

హెబ్రీ లేఖనాలు రాబోయే మెస్సీయను, అంటే దేవుడు అభిషేకించినవాణ్ని, ముందే సూచించాయన్నది క్రైస్తవుల మౌలిక విశ్వాసం. మీకా గ్రంథంలోని బేత్లెహేము ప్రస్తావన, యెషయా 53వ అధ్యాయంలో ఇతరుల కోసం బాధలు భరించే సేవకుడు, ఆలయంలోని బలులు - ఇవన్నీ యేసును చూపే ఆనవాళ్లని వారు నమ్ముతారు. మరి యూదులకు దక్కిన ఆనవాళ్లు భారతీయుల పూర్వీకులకు దక్కలేదా? కృష్ణమోహన్‌ను వేధించిన ప్రశ్న ఇదే.

1875లో వెలువడిన ‘ది ఏరియన్ విట్‌నెస్’ దానికి ఆయన ఇచ్చిన జవాబు. వైదిక యజ్ఞాన్నీ, దేవతల కోసం తన్ను తానే అర్పించుకున్న ప్రజాపతి కథనాన్నీ పాత నిబంధన బలుల పక్కన పెట్టి చూశారు. ఆ ప్రజాపతి వర్ణన పూర్తిగా సరిపోయేది క్రీస్తుకేనని వాదించారు. యవ్వనంలో హిందూ మతాన్ని దుయ్యబట్టిన మనిషి, అరవై దాటాక వేదాన్ని తన విశ్వాసానికి సాక్షిగా పిలిచారు. క్రైస్తవుడైన భారతీయుడు తాతముత్తాతల వారసత్వాన్ని వదులుకోనక్కర్లేదని చెప్పడమే అందులోని ఆరాటం.

కానీ హెబ్రీ లేఖనాల విషయంలో ఉన్న చిక్కే ఇక్కడా ఎదురైంది. యెషయా చెప్పిన సేవకుడు ఇశ్రాయేలు జాతేనని యూదు వ్యాఖ్యాతలు చాలాకాలంగా అంటున్నారు. అలాగే, వేదాన్ని వేదంగానే చదివేవారికి ప్రజాపతి మరొకరి రాకను చాటే సూచన కాదు. ఆయనే సృష్టికర్త, ఆయనే యజ్ఞం. ఒకరి గ్రంథానికి మరొకరు ముగింపు రాసినప్పుడు, ఆ గ్రంథాన్ని తరతరాలుగా కాపాడుకున్నవారు దాన్ని గౌరవంగా కాక ఆక్రమణగా చూడవచ్చు. కృష్ణమోహన్ సదుద్దేశం ఈ అభ్యంతరాన్ని తీర్చలేదు.

అయినా చివరి దశలో ఆయన ప్రజాజీవితం మతం గీసిన గీతను దాటింది. సురేంద్రనాథ్ బెనర్జీ తదితరులు నెలకొల్పిన ఇండియన్ అసోసియేషన్‌కు అధ్యక్షుడయ్యారు. 1878 నాటి దేశభాషా పత్రికల చట్టాన్ని వ్యతిరేకించారు. 1885లో కన్నుమూశారు.

ప్రజాపతే క్రీస్తు అనే ప్రసంగాలు, వాటికి ఘాటైన ఖండనలు నేటికీ తెలుగునాట వినిపిస్తూనే ఉన్నాయి. ఆ వాదనను ఎదుటివారి మతాన్ని ఓడించే అస్త్రంగా వాడేవారున్నారు. కృష్ణమోహన్‌కు మాత్రం అది, 18 ఏళ్లప్పుడు తనను గెంటేసిన ఇంటికి తిరిగి వెళ్లే దారి.