లైమన్ జువెట్

మీలో చాలామంది పావగడ కొండ ఎక్కే ఉంటారు. కోట దాటి పైకి పోయి నిలబడితే ఊరి వీధులు, చుట్టూ ఉన్న చేలు ఒక్క చూపులో కనబడతాయి. ఆంధ్రప్రదేశ్‌లోని ఒంగోలు పట్టణంలో కూడా ఒక కొండ ఉంది. అది మన కొండ అంత పెద్దది కాదు. అయినా దానికి ప్రార్థన కొండ అన్న పేరు వచ్చింది. 1854వ సంవత్సరం జనవరి 1వ తేదీ తెల్లవారుజామున అయిదుగురు మనుషులు ఆ కొండ ఎక్కి చేసిన ప్రార్థనే ఆ పేరుకు కారణం. ఆ అయిదుగురికి పెద్ద లైమన్ జువెట్.

జువెట్ 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జన్మించాడు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదివి, తరువాత దైవశాస్త్రం అభ్యసించాడు. 1849లో భార్యతో కలిసి నెల్లూరు చేరాడు. అమెరికా బాప్టిస్టు సంఘంవారి పక్షాన శామ్యూల్ డే అనే ఆయన అంతకు తొమ్మిదేళ్ల క్రిందటే అక్కడ మిషన్ నెలకొల్పి ఉన్నాడు. జువెట్ తెలుగు శ్రద్ధగా నేర్చుకొని తెలుగులోనే బోధించేవాడు. వినేవారు ఉండేవారు గాని, చేరేవారు దాదాపు లేరు.

ఇట్లు ఏళ్లు గడిచేసరికి అమెరికాలోని సంఘ పెద్దలకు ఓపిక తగ్గింది. బర్మాలో వారి మిషన్ వేలమందితో వర్ధిల్లుతున్నది. తెలుగుదేశంలో చూడబోతే ఒక్క నెల్లూరే. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సమావేశంలో ఈ మిషన్‌ను మూసివేయాలా, ఉంచాలా అన్న చర్చ వచ్చింది. పటంమీద ఒంటరిగా ఉన్న ఆ చుక్కను చూపి ఒకరు దానిని ఒంటరి నక్షత్రమన్నారు. శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ మాట పట్టుకొని ఒక పద్యం రాసి వినిపించాడు. మిషన్ అప్పటికి బతికింది.

ఆ ఏడాది చివరనే జువెట్ నెల్లూరునుండి ఉత్తరంగా బోధన యాత్రకు బయలుదేరి ఒంగోలు చేరాడు. వెంట ఆయన భార్య, నరసు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు ఉన్నారు. కొత్త సంవత్సరం నాడు ఇంకా చీకటి ఉండగానే అందరూ కొండ ఎక్కారు. ఒకరి తరువాత ఒకరు మోకరించి ప్రార్థించారు. తెల్లవారింది. కింద ఒంగోలు కనబడింది. నాగజెముడు పెరిగిన ఒక బయలును జువెట్ వేలితో చూపి, అక్కడ మిషన్ బంగళా వెలస్తే బాగుండునా అని జూలియాను అడిగాడు. ఆ చోటికి, ఆ ఊరికి ఒక మనిషిని పంపమని వారు దేవుని వేడుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. దేవుడు తండ్రి గనుక, బిడ్డలాగా జంకు లేకుండా అడగవచ్చునని క్రైస్తవుల విశ్వాసం. మన ఇళ్లలో చూడండి. సంతకు పోయినప్పుడు ఏదో ఒకటి కొనిపెట్టమనే బిడ్డ ఒక రకం. ఆ అంగడిలోని ఆ పలకే కావాలని వేలుపెట్టి చూపే బిడ్డ మరొక రకం. రెండవవానికి ధైర్యం ఎక్కువ ఉండాలి. దొరకకపోతే ఆ సంగతి అందరికీ తెలిసిపోతుంది కదా! మూతపడబోయి మిగిలిన మిషన్‌లో ఉండి జువెట్ అడిగింది ఈ రెండవ తీరుగానే.

వెంటనే ఏమీ జరగలేదు. ఏళ్లు గడిచినా ఒంగోలుకు ఎవరూ రాలేదు. 1862లో జువెట్ ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లేసరికి అక్కడ అంతర్యుద్ధం సాగుతున్నది. సంఘంవారు తెలుగు మిషన్‌ను మానివేయాలని మళ్లీ తలపెట్టారు. వారు పంపకపోయినా తాను ఒంటరిగానైనా తిరిగిపోయి తెలుగువారి మధ్యనే బతికి అక్కడే చనిపోతానని జువెట్ తెగేసి చెప్పాడు. ఎలాగూ పోయేటట్టున్నాడు, పూడ్చిపెట్టేందుకైనా ఒకరిని తోడు పంపక తప్పదని కార్యదర్శి వారెన్ అన్నాడట. కొండమీద వేడుకున్నవాడు ఇక్కడ తన ప్రాణాన్నే పూచీగా పెట్టాడు. నా మటుకు నాకు ఈ ఘట్టమే కొండమీది ఘట్టం కంటె గొప్పదనిపిస్తుంది.

తోడు వచ్చినవాడు జాన్ క్లౌ అనే యువకుడు. ఇద్దరూ 1864లో ఓడ ఎక్కారు. 1866లో క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. జువెట్ వేలు చూపిన చోటే మిషన్ బంగళా వెలసింది. 1867 జనవరి 1న, అంటే ఆ ప్రార్థనకు సరిగ్గా 13 ఏళ్లకు, ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఊరి వెలుపల బతికే మాదిగలు ఎక్కువగా చేరసాగారు. వారిని బడిలో చేర్చుకోగానే పై కులాల పిల్లలు బడి మానేశారు.

1876లో పెద్ద కరువు వచ్చింది. మన పెద్దలు ధాతు ఈశ్వర కరువని చెప్పుకొనేది దీనినే. మైసూరు రాజ్యంలోనే సుమారు 10 లక్షలమంది చనిపోయారు. ఒంగోలు ప్రాంతంలో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలిపని ఇప్పించాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మం ఇవ్వడమే ఆపివేశాడు. సహాయం ఆగిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయినా ఆ నింద పూర్తిగా పోలేదు. దానిమీద వాదం ఇప్పటికీ ఉంది.

ఆ 1878లోనే జువెట్ మద్రాసు నగరానికి తరలి, అక్కడి తెలుగువారి మధ్య కొత్తగా పని మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన వయస్సు 65 ఏళ్లు. తెలుగు బైబిలును సవరించే పనిలో కూడా ఆయన చాలాకాలం శ్రమించాడు. చివరకు అమెరికా తిరిగి వెళ్లి 1897లో కన్నుమూశాడు. తెలుగువారి మధ్యనే చనిపోతానన్న ఒక్క మాట మాత్రం ఆయనకు నెరవేరలేదు.