కావ్యకంఠుని ప్రశ్న

శాస్త్రాలు చదివిన పండితునకు, తానెఱుగనిది ఒకటి కలదని ఒప్పుకొనడం కష్టం. జీవితమంతా దేనిని నమ్ముకొన్నాడో ఆ విషయమే అదైనప్పుడు మఱింత కష్టం. కావ్యకంఠ వాసిష్ఠ గణపతి ముని జీవితంలో అట్టి రోజు ఒకటి వచ్చింది.

అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి 1878 నవంబరు 17న బొబ్బిలికి సమీపాన గల కలువరాయిలో జన్మించారు. తండ్రి నరసింహశాస్త్రి మంత్రోపాసకులు, తల్లి నరసాంబ. ఐదేండ్ల వఱకు మాటలు రాని ఆ బాలుడు, మాట వచ్చిన పిమ్మట కొలది ఏండ్లకే సంస్కృతంలో కవిత్వం చెప్పసాగాడు. పద్దెనిమిదవ ఏట ఇల్లు విడిచి పుణ్యక్షేత్రాలలో జపం చేస్తూ సంచరించాడు. 1900లో వంగదేశంలోని నవద్వీపంలో పండితసభ వారి ఆశుకవితకు మెచ్చి కావ్యకంఠ బిరుదం ఇచ్చింది. తరువాత కొంతకాలం రాయవేలూరులో అధ్యాపకులుగా ఉన్నారు.

ఇంత పాండిత్యం, ఇంత జపం ఉండి కూడ మనస్సుకు శాంతి చిక్కలేదు. మంత్రఫలంగా దేశానికి మేలు జరుగవలెనని వారి ఆశయం. ఏండ్లు గడచినా ఆ ఫలం కనబడలేదు. లోపం మంత్రంలో ఉన్నదా, జపించే విధంలో ఉన్నదా అన్న సందేహం వారిని వేధించింది.

1907 నవంబరు 18, కార్తిక ఉత్సవ సమయం. గణపతిశాస్త్రి అరుణాచలం కొండ ఎక్కి, విరూపాక్ష గుహలో ఉన్న బ్రాహ్మణస్వామి పాదాలపై పడ్డారు. ఆ స్వామి వయస్సులో తమకంటె ఏడాది చిన్న. చదువదగినదంతా చదివినా, మంత్రాలెన్నో జపించినా, తపస్సనగా ఏమో తమకు బోధపడలేదని విన్నవించుకొన్నారు. స్వామి కొంతసేపు మౌనంగా చూచి, పిదప సమాధానమిచ్చారు. నేను అనే భావం ఎచ్చట నుండి పుట్టుచున్నదో వెదకితే మనస్సు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు. మంత్రం జపించేవాడు ఆ మంత్రధ్వని ఎచ్చట నుండి వెలువడుచున్నదో గమనించినా మనస్సు అక్కడనే లీనమవుతుంది, అదే తపస్సు. సమాధాన సారాంశం ఇంతే.

పిల్లవాడు ఎక్కం వల్లిస్తూ తలవాకిట ఆడే బొంగరాన్ని చూస్తూ ఉండవచ్చు. నాలుక తన పని తాను చేస్తుంది. జపం కూడ అట్లే లెక్కగా మిగిలిపోవచ్చు. స్వామి మంత్రాన్ని మానుమనలేదు, మార్చుమనలేదు. ఫలం వైపు పరుగెత్తే చూపును మూలం వైపు త్రిప్పమన్నారు. అంతవఱకు సాధనంగా ఉన్న మంత్రం ఆనాడు గణపతిశాస్త్రికి మార్గమయింది. ఆ స్వామి పేరు వేంకటరామన్ అని తెలిసికొని, ఆయనకు భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టినది వీరే. ఆ సంవత్సరమే కొలదివారాలలో ఉమాసహస్రం అనే 1000 శ్లోకాల స్తోత్రం రచించారు. మహర్షితో జరిగిన ప్రశ్నోత్తరాలను 18 అధ్యాయాలుగా, 300 శ్లోకాలలో, రమణగీతగా కూర్చారు.

మంత్రం తమకు తెరచిన తలుపును ఇతరులకు మూయలేదు. భార్య విశాలాక్షి మంత్రోపాసకురాలు. స్త్రీల సన్న్యాసాధికారాన్ని గూర్చి ఆమె అడిగించిన ప్రశ్నకు మహర్షి ఇచ్చిన సమాధానం రమణగీతలో ఒక అధ్యాయమయింది. జ్ఞానానికి, ముక్తికి స్త్రీపురుష భేదం లేదని దాని సారం. అస్పృశ్యతకు శాస్త్రాధారం లేదని గణపతి ముని వాదించారు.

అయితే దేశచింత ఆయనను విడువలేదు. ఇంద్రాణీ సప్తశతిలోని 700 శ్లోకాలలో భారతదేశ రక్షణను మరల మరల ప్రార్థించారు. ఏమీ కోరక మూలాన్ని చూడుమన్న గురువు ఒకవైపు, జాతికై కోరక ఉండలేని హృదయం ఒకవైపు. ఈ రెండింటి నడుమ ఆయన జీవితం సాగింది. 1936 జులై 25న ఖరగ్‌పూర్ చేరువ నింపురలో దేహం చాలించారు. స్వరాజ్యం మఱి పదకొండేండ్లకు గాని రాలేదు. కోరిన ఫలం కంటితో చూడకపోయినా, ఆయన జపం మానలేదు. తపస్సనగా ఏమన్న ప్రశ్న మాత్రం విరూపాక్ష గుహ దాటి ఆయనతో రాలేదు.