విజయనగరం విజ్జీ: బ్యాటు ఎవరిదైతే వాళ్లే కెప్టెనా?



స్పోర్ట్స్ డే దగ్గరపడిందంటే స్కూలుకి వచ్చే ఫోన్లలో సగం ఒకే విషయం మీద ఉంటాయి. మా అబ్బాయిని కెప్టెన్ చేయండి సార్, అని. నాతవరంలో కోతలయ్యాక మడుల్లో ఆడుకునే పిల్లలకు ఈ గొడవే లేదు. బ్యాటు ఎవరిదైతే వాళ్లే కెప్టెన్. నవ్వకండి, భారత జట్టుకు కూడా ఒకసారి ఇలాంటి కెప్టెనే వచ్చారు. ఆయన మన ఉత్తరాంధ్ర రాజకుటుంబం వారే.

పూసపాటి విజయ ఆనంద గజపతి రాజు 1905 డిసెంబర్ 28న పుట్టారు. విజయనగరం రాజావారి రెండో కుమారుడు. రాజ్యం అన్నగారిది కాబట్టి ఈయన మహారాజ్ కుమార్ అయ్యారు. క్రికెట్ లోకానికి మాత్రం విజ్జీ. అజ్మీర్ మేయో కాలేజీలో, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో చదివి, కుటుంబ ఆస్తులున్న కాశీలో స్థిరపడ్డారు. అక్కడే సొంత మైదానం, సొంత జట్టు పెట్టుకున్నారు.

1930-31లో దేశంలో సత్యాగ్రహం జోరుగా సాగుతుండటంతో ఇంగ్లండ్ జట్టు పర్యటన రద్దయింది. విజ్జీ ఊరుకోలేదు. ప్రపంచంలోనే పేరుమోసిన ఓపెనింగ్ జోడీ జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను తన ఖర్చుతో రప్పించి, తన జట్టులో చేర్చుకుని, భారత్‌లో, సిలోన్‌లో తిప్పారు. మన కుర్రాళ్లు అంతటి వాళ్ల పక్కన నిలబడి ఆడారు. 1934లో కాశీలో ఆయన జట్టు ఇంగ్లండ్ జట్టును 14 పరుగుల తేడాతో ఓడించింది. జార్డిన్ సేనకు ఆ పర్యటనలో అదొక్కటే ఓటమి. ఇదంతా విజ్జీ ఖాతాలో వేయాల్సిందే.

ఆయన అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆయనకు టెస్టు కెప్టెన్ కావాలని ఉంది. 1932 ఇంగ్లండ్ పర్యటనకు ఉపనాయకుడి తర్వాతి స్థానమే ఇవ్వడంతో, ఆరోగ్యం బాగాలేదంటూ తప్పుకున్నారు. లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకు మరో తెలుగువాడు సి.కె. నాయుడు కెప్టెన్ అయ్యారు. అది ఆటతో వచ్చిన పదవి. 1936లో మాత్రం పలుకుబడి పనిచేసింది. కెప్టెన్సీ విజ్జీకి దక్కింది, నాయుడు ఆయన కింద ఆడాల్సి వచ్చింది. ఇద్దరు పనివాళ్లతో, 36 పెట్టెల సామానుతో విజ్జీ ఓడ ఎక్కారని చెప్పుకుంటారు.

ఆ పర్యటనలో బాగా ఆడుతున్న కుర్రాడు లాలా అమర్‌నాథ్. అంతకు మూడేళ్ల ముందు భారత్ తరఫున మొదటి టెస్టు సెంచరీ కొట్టినవాడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్ జరుగుతుండగా ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఆయన్ను అలాగే కూర్చోబెట్టి వేరేవాళ్లను ఒక్కొక్కరినీ పంపారు. చివరికి, ఆట ముగియబోతుండగా పంపారు. తిరిగొచ్చాక డ్రెస్సింగ్ రూంలో అమర్‌నాథ్ సామాను విసిరేసి, పంజాబీలో ఏదో గొణిగాడు. అంతే, మొదటి టెస్టు కూడా ఆడకుండానే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు.

మూడు టెస్టుల సిరీస్‌ను మనం 2-0తో ఓడిపోయాం. విజ్జీ ఆరు ఇన్నింగ్స్‌లలో చేసినవి 33 పరుగులు. అదే పర్యటనలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది! తర్వాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమంట్ కమిటీ విచారణ జరిపి ఆయన నాయకత్వాన్ని గట్టిగా తప్పుపట్టింది. విజ్జీ మళ్లీ టెస్టు ఆడలేదు. అమర్‌నాథ్ మళ్లీ టెస్టు ఆడేసరికి 1946 వచ్చింది. మధ్యలో యుద్ధం ఉన్నమాట నిజమే, కానీ చేతికొచ్చిన 1936 సిరీస్‌ను అతని నుంచి లాగేసింది యుద్ధం కాదు.

మామూలుగా విజ్జీ కథ ఇక్కడితో ముగించి నవ్వుకుంటారు. నాకైతే మిగతా సగమే ఎక్కువ నచ్చుతుంది. బ్యాటు పక్కన పెట్టాక ఆయన పరిపాలన వైపు వచ్చారు, ఆ పని ఆయనకు చక్కగా కుదిరింది. ఉత్తరప్రదేశ్ క్రికెట్‌ను నిలబెట్టారు. 1954 నుంచి 1956 వరకు భారత క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా ఉన్నారు. ఆ కాలంలోనే, 1955 మొదట్లో పాకిస్తాన్‌లో ఆడిన భారత జట్టుకు మేనేజర్ ఎవరో తెలుసా? లాలా అమర్‌నాథ్. 1956-57లో ఉత్తరప్రదేశ్ రంజీ జట్టుకు ఆడినవారు? అరవై ఒకటో ఏట సి.కె. నాయుడు. ఒకప్పుడు తాను పక్కకు నెట్టిన ఇద్దరూ తన హయాంలో గౌరవంగా మైదానానికి వచ్చారు. దీంతో పాత నష్టం పూడిపోయిందని నేననను. అమర్‌నాథ్ పోగొట్టుకున్న టెస్టులు తిరిగి రాలేదు.

విజ్జీ రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం చేశారు. 1958లో పద్మభూషణ్ అందుకున్నారు. విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1965 డిసెంబర్ 2న కన్నుమూశారు. విశ్వవిద్యాలయ కుర్రాళ్లు జోన్ల వారీగా ఆడే పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు.

విజయనగరం వెళ్లినప్పుడు అక్కడి విజ్జీ స్టేడియం పిల్లలకు చూపించండి. హాబ్స్ వచ్చిన సంగతి చెప్పండి, 33 పరుగుల సంగతీ చెప్పండి. ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న అమర్‌నాథ్ సంగతి మాత్రం మరిచిపోకండి.